కాలిన గాయాల ఇన్ఫెక్షన్‌ను కాంతితో పట్టే చదువు

ప్రశ్న: మాది అంబాజీపేట. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చేసి, ఇప్పుడు బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. కాలిన గాయాల్లో బాక్టీరియాను కెమికల్ ఇమేజింగ్‌తో (కాంతి వేసి ఏ పదార్థం ఎక్కడుందో ఫొటోలా చూసే పద్ధతితో) గుర్తించే పరిశోధన చేస్తానంటోంది. బైపీసీ పిల్లకు అది అందుతుందా?

జవాబు: అందుతుందండీ. అయితే లెక్కలకు ఇప్పుడే కూర్చోవాలి.

గాయాన్ని దూదిపుల్లతో తుడిచి (స్వాబ్), బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపితే ఏ బాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో తేలేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా సూడోమోనాస్ ఎరుజినోసా లాంటి బాక్టీరియా సోకితే రక్తంలోకి పాకొచ్చు. అందుకే దాన్ని కాంతితో త్వరగా పట్టాలని చూస్తున్నారు. 405 నానోమీటర్ల ఊదా కాంతి వేస్తే చాలా బాక్టీరియాల్లో ఉండే పార్ఫిరిన్లు అనే పదార్థాలు ఎర్రగా మెరుస్తాయి. సూడోమోనాస్ మాత్రం పయోవెర్డిన్ అనే తన రంగు పదార్థం వల్ల నీలి-ఆకుపచ్చగా కనిపిస్తుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాలో పార్ఫిరిన్లు తయారు కావు కాబట్టి అది ఉన్నా ఎర్రగా మెరవదు. గాయం మీద రక్తం మిగిలితే కాంతిని మింగేస్తుంది. గదిలో లైటు ఉంటే మెరుపు తేలదు. లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి పదార్థాన్ని గుర్తించే రామన్ పద్ధతిలోనైతే సంకేతం మరీ సన్నం, చర్మం సొంత మెరుపే దాన్ని ముంచేస్తుంది. అందుకే ఈ రంగంలో కెమెరా పట్టుకోవడం చిన్న పని. ఫొటోలోని ప్రతి చుక్క (పిక్సెల్) వర్ణపటంలో, అంటే అక్కడి కాంతిలో ఏ రంగు ఎంతుందో చూపే పట్టీలో, బాక్టీరియా వాటా ఎంతో విడదీయడమే అసలు పని. దానికి మాత్రికలు, స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ కావాలి.

ఇష్టం నిజమైనదో కాదో ఒక ప్రయోగంతో తేల్చుకోవచ్చు. వరి విత్తన శుద్ధికి మీ ఎరువుల కొట్లో అమ్మే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి కూడా పయోవెర్డిన్ చేసే జాతే. కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో, లెక్చరర్ దగ్గరుండగా, కింగ్స్ బి అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి ఆహారం) ప్లేటు మీద గీసి 28 డిగ్రీల్లో 48 గంటలు ఉంచాలి. అలవాటుగా 37 డిగ్రీలు పెడితే సరిగా పెరగదు. తర్వాత చీకట్లో, యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకుని, 365 నానోమీటర్ల యూవీ దీపం కింద చూస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ మెరుపు కనబడాలి. కనబడలేదంటే మొదట అగార్‌లో ఇనుము ఎక్కువైందేమో అనుమానించండి. ఇనుము కరువైనప్పుడే ఆ బాక్టీరియా పయోవెర్డిన్ చేస్తుంది. పని అయ్యాక ప్లేట్లను 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేసే (ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉంచి బాక్టీరియాను చంపాకే) పారేయాలి. ఆసుపత్రి నమూనాల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు.

డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష అయిన జామ్‌లో కెమిస్ట్రీ పేపర్ రాసి ఎమ్మెస్సీలో చేరడం మంచి దారి. ఆ పేపర్లో మాత్రికలు, కలనం, సంభావ్యత ఇంటర్ స్థాయిలో ఉంటాయి. ఎంపీసీ గణితం పుస్తకాలు తెచ్చి రోజుకు గంట చేయించండి. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు.