ఆటిజం ఉన్న అబ్బాయిని అగ్నివీర్‌కు పంపొచ్చా?

ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయికి కొద్దిపాటి ఆటిజం ఉందని, అగ్నివీర్‌కు దరఖాస్తు పెట్టిద్దామనుకుంటున్నామని రాశారు. చిన్నప్పటి రిపోర్టులు బయటపెట్టకపోతే నడిచిపోతుందా, ఇజ్రాయెల్‌లో ఇలాంటి పిల్లల్ని తీసుకుంటారట కదా అని కూడా అడిగారు. యూనిఫాం ఉద్యోగానికి వద్దండీ. దాచిపెట్టి అయితే అసలే వద్దు. మా తమ్ముడికీ ఆటిజమే, నాన్నగారు ఆర్మీలో సుబేదార్‌గా రిటైరయ్యారు. మా ఇంట్లో ఈ చర్చ ఎన్నిసార్లు జరిగిందో లెక్కే లేదు.

ముందు చట్టం సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్కారు ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని ఆ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్ కొన్ని సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. సాయుధ దళాల్లోని కంబాటెంట్ పోస్టులన్నిటికీ కేంద్రం ఆ మినహాయింపు ఇచ్చేసింది. కంబాటెంట్ అంటే సరిహద్దులో తుపాకీ పట్టుకునేవాళ్లు మాత్రమే అనుకోకండి. యూనిఫాం వేసుకున్న క్లర్కు, వంటవాడు కూడా ఆ లెక్కలోకే వస్తారు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్‌లదీ ఇదే పరిస్థితి.

ఇక దాచడం. మాకూ ఒక కోచింగ్ సెంటర్‌లో "రిపోర్టు ఇంట్లోనే పెట్టండి సార్, మెడికల్‌లో చూసేది మోకాళ్లు, చెవులు, కళ్లే" అన్నారు. నిజమే, అక్కడ బయటపడకపోవచ్చు. అసలు కష్టం ట్రైనింగ్‌లో మొదలవుతుంది. అర్ధరాత్రి విజిల్ వేసి ఫాలిన్ (వరసలో నిలబడండి) అంటారు, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ మొహం మీదికొచ్చి అరుస్తాడు, ఒకడి తప్పుకు మొత్తం ప్లాటూన్‌కు రగడా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష. నాన్నగారు ఒకటే అనేవారు: "అక్కడ వెటకారంగా చెప్పింది వెటకారమని తెలియకపోతే కుర్రాడు నలిగిపోతాడు." తప్పు సమాచారం ఇచ్చి చేరాడని తేలితే డిశ్చార్జ్ చేసి పంపేస్తారు, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగాలకూ అడ్డే.

మా తమ్ముడికి ఆర్మీ పిచ్చి మామూలుది కాదు. పేపర్లో ఏ ఆఫీసర్ ఫొటో వచ్చినా ఛాతీ మీద రిబ్బన్లు చూసి ఏది ఏ పతకానిదో వరసగా చెప్పేస్తాడు. ఒకసారి నాన్నగారు ఊరికే చూపిద్దామని ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ దగ్గరికి తీసుకెళ్లారు. తెల్లవారకముందే వేలమంది కుర్రాళ్లు, తోపులాట, మైకులు. వాడు రెండు చెవులూ మూసుకుని గోడ పక్కన నిలబడిపోయాడు. ఇంటికొచ్చాక, "ఆర్మీ అన్నారు, ఒక్కడూ లైన్లో లేడు" అన్నాడు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాత అడిగితే తెలిసింది, వాడికి కావాల్సింది యుద్ధం కాదు. టైముకు మొదలై టైముకు అయిపోయే పని, ఎవరు ఎవరికి పైనో స్పష్టంగా తెలిసే చోటు. మీవాడినీ అడిగి చూడండి, చాలాసార్లు ఇదే బయటపడుతుంది.

అది రక్షణ శాఖలో యూనిఫాం లేని సివిలియన్ పోస్టుల్లో దొరుకుతుంది. ఆర్డినెన్స్ డిపోలు, విశాఖ నేవల్ డాక్‌యార్డ్, హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబులు ఇలాంటి చోట్ల ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), క్లర్కు, స్టోర్‌కీపర్ ఉద్యోగాలుంటాయి. కేంద్ర ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్. అందులో 1 శాతం ఆటిజం, మేధోవైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి. వైకల్యం 40 శాతమైనా ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. అన్ని పోస్టులూ ఆటిజానికి ఇవ్వరు కాబట్టి నోటిఫికేషన్‌లో ఆ పోస్టు ఎదురుగా 'ఏఎస్‌డీ' (ఆటిజానికి ఇంగ్లిష్ పొట్టి పేరు) అని ఉందో లేదో చూసుకోండి. మావాడు ఇప్పుడు అలాంటి ఒక స్టోర్‌లోనే చేస్తున్నాడు. సరుకు లెక్క రాసే బిన్ కార్డులో ఉన్న లెక్కకూ ర్యాక్‌లో ఉన్న బోల్టులకూ ఒక్కటి తేడా వచ్చినా భోజనానికి లేవడు.

ఇజ్రాయెల్ సంగతి వేరు. అక్కడ సైన్యంలో చేరడం తప్పనిసరి, ఆటిజం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంటుంది. చేరతామని ముందుకొచ్చిన వాళ్ల కోసం 2013లో 'రోయిం రహోక్' అనే కార్యక్రమం పెట్టి, కొందరిని 9900 అనే నిఘా యూనిట్‌లో ఉపగ్రహ చిత్రాలు పరిశీలించే పనికి తీసుకున్నారు. మన దగ్గర అలాంటిది లేదు. అమెరికాలో కూడా ఆటిజం ఉంటే మామూలుగా అనర్హులే, విడిగా ఒక్కొక్కరి కేసు చూసి సడలింపు ఇస్తే ఇవ్వొచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది వైకల్య సర్టిఫికెట్ పరీక్షకు సదరం స్లాట్ బుక్ చేసుకోవడం, దానితోపాటే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోవడం. ఆటిజాన్ని ఇసా అనే 40 అంశాల స్కేలుతో అంచనా వేస్తారు. మాటలు ఎప్పుడు వచ్చాయి, బడిలో ఎలా ఉండేవాడు అని డాక్టరు వరసపెట్టి అడుగుతారు. పాత రిపోర్టులన్నీ ఫైలు కట్టి పట్టుకెళ్లండి, స్కూల్లో రాసిచ్చిన కాగితాలతో సహా.