300 స్కిల్ చేరేసరికి సంచీలో ఎంత గోల్డ్ మిగులుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే బాధ గురించి. ఆన్‌లైన్ గేమ్‌లో ఏదో ఒకటి తయారు చేసే పని (ప్రొఫెషన్) నేర్చుకుందామని కూర్చోవడం, సగం దారిలో గోల్డ్ అయిపోవడం. పైన రాసిన 300 వావ్ క్లాసిక్‌లో ఆ పనికి ఆఖరి మెట్టు. నేనూ ఆ బాపతే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: వావ్ క్లాసిక్‌లో (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత వెర్షన్) నాది వారియర్, లెవెల్ 32. బ్లాక్‌స్మితింగ్ 140 దగ్గరికి వచ్చేసరికే ఖర్చు తడిసి మోపెడైంది. మా గిల్డ్‌లో ఒకాయన "అది వదిలేసి టైలరింగ్ పట్టుకో, చవగ్గా అయిపోతుంది" అంటున్నాడు. అన్నిట్లోకీ చవకైనది ఏదండీ?

జవాబు: ముందు ఆ వదిలేయడం ఆపండి. ప్రొఫెషన్ వదిలేస్తే 140 పాయింట్లూ గల్లంతే, రేపు మనసు మారి మళ్లీ నేర్చుకున్నా ఒకటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

మీ గిల్డ్ ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. టైలరింగ్‌కి కావలసిన బట్ట మనుషుల్లాంటి శత్రువులను చంపుతుంటే దానంతట అదే పడుతుంది. లినెన్, వూల్, సిల్క్, మేజ్‌వీవ్, రూన్‌క్లాత్ అలా లెవెల్‌తో పాటే వస్తాయి, దానికోసం వేరే ప్రొఫెషన్ అక్కర్లేదు. మెయిన్ ప్రొఫెషన్లు రెండే పెట్టుకోనిస్తారు కాబట్టి ఆ రెండో స్థానం ఖాళీగా మిగలడం పెద్ద లాభం. మీ బ్లాక్‌స్మితింగ్‌కి అలా కుదరదు. కాపర్, టిన్, ఐరన్, మిత్రిల్, థోరియం, ఏది కావాలన్నా మైనింగ్ అయినా ఉండాలి, ఆక్షన్ హౌస్‌లో (ఆటగాళ్లు సరుకు అమ్ముకునే వేలంపాట) అడిగినంత పెట్టడానికి గోల్డ్ అయినా ఉండాలి. నన్నడిగితే, మైనింగ్ లేకుండా బ్లాక్‌స్మితింగ్ మొదలుపెట్టడం నీళ్లు లేని బావికి మోటారు బిగించడం లాంటిది.

అయితే చాలామంది పొరపడేది ఇక్కడే: ఎంత పెట్టాం అన్నదే లెక్కేస్తారు, ఎంత తిరిగొచ్చింది అన్నది వెయ్యరు. ఆల్కెమీ, అంటే మూలికలతో మందులు కాచే పని, చూడండి. మూలికలకు ఖర్చవుతుంది, సీసాలు షాపులో కొనాలి, పైకి చూస్తే చవకేం కాదు. కానీ తయారైన మందు ఎవడో ఒకడు కొంటాడు, తాగితే అయిపోతుంది కాబట్టి రేపు మళ్లీ వాడే వస్తాడు. ఇంజినీరింగ్‌లో చేసే బాంబులు, కళ్లజోళ్లలో చాలావాటిని వాడాలంటే కొనేవాడికీ ఇంజినీరింగ్ ఉండాలి. అది ఉన్నవాడు మీ దగ్గర ఎందుకు కొంటాడు, వాడే చేసుకుంటాడు. తుపాకులకు బిగించే స్కోపుల్లాంటివి కొన్ని హంటర్లు కొంటారు, అంతే. అందుకే చేతికి తగిలే ఖర్చు చూస్తే నా లెక్కలో ఆల్కెమీ అన్నిట్లోకీ తేలిక, తర్వాత టైలరింగ్; బ్లాక్‌స్మితింగ్, ఎంచాంటింగ్ (వస్తువులకు మంత్రం వేసే పని) బాగా బరువు. సర్వర్‌ని బట్టి ధరలు మారతాయి కానీ ఈ వరస తలకిందులవడం నేను పెద్దగా చూడలేదు.

మీరు వారియర్, 140 దాకా వచ్చేశారు. మీ రెండో ప్రొఫెషన్ ఏమిటో రాయలేదు. మైనింగ్ కాకపోతే దాని బదులు మైనింగ్ పెట్టుకోండి, బ్లాక్‌స్మితింగ్‌ని మాత్రం వదలకండి.

ప్రశ్న: మైనింగ్ నాకు ఉంది, ఖనిజం అంతా నేనే తవ్వుకుంటాను. అంటే నాకు ప్రొఫెషన్ ఫ్రీగా అయినట్టే కదా? మా వాళ్లు ఒప్పుకోవడం లేదు.

జవాబు: మీవాళ్లదే కరెక్టు. మీరు తవ్విన ఐరన్ ఆక్షన్‌లో పెడితే డబ్బొచ్చేది. పెట్టకుండా కొలిమిలో వేశారంటే ఆ డబ్బు ఖర్చుపెట్టినట్టే. కాకపోతే కొనేవాడికన్నా మీకు కొంచెం చవక, ఎందుకంటే అమ్మితే ఆక్షన్ హౌస్ వాడు 5 శాతం కోసుకునేవాడు, అది మిగిలింది. ఇంకో చిన్న సుఖం కరిగించడంలో ఉంది: ఒక కాపర్ కడ్డీ, ఒక టిన్ కడ్డీ కలిపితే రెండు బ్రాంజ్ కడ్డీలు వస్తాయి. బ్రాంజ్ ధర ఆ రెంటి సగటుకన్నా ఎక్కువ పలుకుతున్న రోజున కరిగించి అమ్మేయండి, తక్కువ ఉన్న రోజున కొనుక్కోండి.

ప్రశ్న: టైలరింగ్‌లో 40 నుంచి 50కి రావడానికి లినెన్ బోల్టులు (బట్ట తానులు) గుట్టలు గుట్టలుగా చేశాను. ఒక్కోసారి వరసగా ఆరు చేసినా పాయింట్ రాదు. నా అకౌంట్‌కే ఇలా జరుగుతోందా అని డౌటు.

జవాబు: మీ అకౌంట్‌కేం కాలేదు, అందరికీ అంతే. రెసిపీ పేరు ఆరెంజ్‌లో ఉంటే పాయింట్ ఖాయం, పసుపులోకి వచ్చాక అవకాశం తగ్గుతూ ఉంటుంది, ఆకుపచ్చలో బాగా పడిపోతుంది, బూడిద రంగు వచ్చాక సున్నా. ఆటగాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్న లెక్క ఒకటుంది. బూడిదయ్యే అంకెలోంచి మీ ఇప్పటి స్కిల్ తీసేయండి, దాన్ని బూడిదకీ పసుపుకీ ఉన్న తేడాతో భాగించండి. లినెన్ బోల్ట్ 25 దగ్గర పసుపు, 50 దగ్గర బూడిద. మీరు 30లో ఉంటే 20ని 25తో భాగిస్తే 80 శాతం. 40లో 40 శాతం. 45లో 20 శాతం, అంటే ఒక్క పాయింట్‌కి సగటున ఐదు బోల్టులు, బోల్టుకి రెండు లినెన్ చొప్పున పది. మీకు ఆరుసార్లు రాలేదంటే మామూలు దురదృష్టమే, టెన్షన్ పడకండి.

ఈ లెక్క తెలిశాక రెసిపీలను పోల్చడం కూడా మారిపోతుంది. ఒక ఆరెంజ్ రెసిపీకి ముడిసరుకు 10 సిల్వర్ (ఇక్కడ సిల్వర్, కాపర్ అంటే నాణేలు, 100 కాపర్ ఒక సిల్వర్) అవుతుంది, చేసిన వస్తువు ఆక్షన్‌లో 6కి పోతుంది అనుకుందాం. 5 శాతం కోత పోను చేతికి 5 సిల్వర్ 70 కాపర్, నష్టం 4 సిల్వర్ 30 కాపర్. పక్కనే ఆకుపచ్చ రెసిపీ ఒకటి, సరుకు 3 సిల్వరే, షాపువాడికి అమ్మితే 50 కాపర్ వస్తుంది. చూడ్డానికి ఎంత చవకో! కానీ 25 శాతమే అవకాశం ఉంటే ఒక్క పాయింట్‌కి నాలుగు చేయాలి, రెండున్నర చొప్పున 10 సిల్వర్ గోవిందా. నేను మొదటిసారి మిత్రిల్ దగ్గర చేసిన బుద్ధితక్కువ పని సరిగ్గా ఇదే, చవకని ఆకుపచ్చదాన్ని పట్టుకుని గంటన్నర సుత్తితో కొట్టాను.

ఇంకోటి, మీరు చేసిన ఆ బోల్టులు దండగ కాదు. తర్వాతి చొక్కాలకూ సంచులకూ అవే కావాలి. మొత్తం ఎన్ని కావాలో ముందే లెక్కేసుకుని, బోల్టు చేస్తే పాయింట్లు వస్తున్నప్పుడే అన్నీ చేసి పెట్టుకోవాలి. చొక్కాల మీదికి తొందరపడి వెళ్లిపోతే తర్వాత చేసే బోల్టుకి పాయింట్ రాదు.

ప్రశ్న: ఎంచాంటింగ్ ఎందుకంత ఖరీదు? అందులో కొలిమీ లేదు, ఖనిజమూ లేదు.

జవాబు: ఎందుకంటే అందులో ముడిసరుకు అంటే పనికొచ్చే వస్తువే. దాన్ని విరగ్గొడితే ధూళి వస్తుంది. ఆ ధూళి పోసి చేసిన పనిని క్లాసిక్‌లో ఆక్షన్‌లో పెట్టలేరు. కాగితం మీదికి ఎక్కించి అమ్ముకునే వెసులుబాటు 2008లో రాథ్ ఆఫ్ ద లిచ్ కింగ్ అనే ఎక్స్‌పాన్షన్‌తోనే (గేమ్‌కి చేర్చే కొత్త భాగం) వచ్చింది. అంతకుముందు ఊరి నడిబొడ్డున నిలబడి ట్రేడ్ చాట్‌లో అరుచుకోవాలి. అందుకే మీ చేతికున్న కడియాలకే యాభైసార్లు మంత్రం వేసుకుంటూ పాయింట్లు ఎక్కించుకోవాలి, పైసా తిరిగి రాదు. మొదట్లో మాత్రం లెస్సర్ మ్యాజిక్ వాండ్ అనే మంత్రదండం చేసి అమ్మండి, కొత్త మేజ్‌లు, ప్రీస్ట్‌లు, వార్లాక్‌లు అందరికీ కావాలది. టైలరింగ్ కూడా ఉంటే ఇంకా నయం, పాయింట్ల కోసం కుట్టిన ఆకుపచ్చ చొక్కాలను (ఇక్కడ ఆకుపచ్చ అంటే రెసిపీ రంగు కాదు, వస్తువు నాణ్యత) షాపుకి అమ్మకుండా విరగ్గొట్టుకోవచ్చు.

ప్రశ్న: ఇప్పటి మెయిన్ వావ్‌లో కొత్త ఎక్స్‌పాన్షన్ ప్రొఫెషన్ కోసం పాతవన్నీ పూర్తిచేయాలా?

జవాబు: అక్కర్లేదు. 2018 నుంచి ఏ ఎక్స్‌పాన్షన్ స్కిల్ దానిదే. పాతదానికి గోల్డ్ పోయకండి.

ప్రశ్న: నేను ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆడతాను. ఒక స్కిల్ 92 లెవెల్ అయింది, ఆఖరిదైన 99కి ఇంకో ఏడు లెవెళ్లే కదా, ఎంత ఖర్చు పెట్టుకోమంటారు?

జవాబు: కాస్త గట్టిగా ఊపిరి పీల్చుకోండి. 99కి 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) కావాలి, 92కి 65,17,253. అంటే మీరు ఇప్పుడే సగం దారిలో ఉన్నారు. ఇప్పటిదాకా ఎంతైందో మళ్లీ అంత పని ఉంది, కాబట్టి లెవెల్‌కి ఇంత అని కాకుండా ఎక్స్‌పీకి ఎంత పోతోందో చూసుకోండి. ఏ స్కిలో రాయలేదు, దాన్నిబట్టి చాలా తేడా ఉంటుంది. ఫ్లెచింగ్‌లో (విల్లులు, బాణాలు చేసే పని) చేసిన యూ లాంగ్‌బోను హై ఆల్కెమీ మంత్రంతో 768 నాణేలుగా మార్చుకోవచ్చు, అందుకే దాని ధర ఒక మేర కన్నా కిందికి పడదు. ఇల్లు కట్టుకునే కన్‌స్ట్రక్షన్‌లో చెక్క పలకలు ఇంట్లో కలిసిపోతాయి, అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. అది గనక మీ స్కిల్ అయితే మీ బ్యాంకు మీద నాకు జాలి వేస్తోంది.

ప్రశ్న: ఇంత లెక్కలెందుకండీ, బయట డబ్బిచ్చి గోల్డ్ కొనేస్తే పోలా?

జవాబు: బయటివాళ్ల దగ్గర కొనడం రూల్స్‌కి విరుద్ధం, దొరికితే అకౌంటే పోవచ్చు. అప్పుడు 300 స్కిల్ ఉన్నా దాన్ని చూసుకోవడానికి లాగిన్ కూడా అవ్వలేరు.