మడ (మాంగ్రోవ్) చెట్ల ఆకుల్లో అంటువ్యాధులకు మందు ఉందంటారు, కషాయం కాచుకుని తాగొచ్చా?

తాగొద్దు. వీడియోలో ఎవరో టైఫాయిడ్ తగ్గుతుందన్నారని మీరు రాశారు కాబట్టి ముందే చెప్తున్నా, టైఫాయిడ్ అయితే డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడండి.

అలాగని ఆ చెట్లలో ఏమీ లేదనను. మాది కాకినాడ దగ్గర కోరింగ వైపు. ఓసారి బాబాయితో పీతల కోసం మడలోకి వెళ్లినప్పుడు పడవకి అడ్డొచ్చిందని ఆయన ఒక కొమ్మ నరికాడు. అది తిల్ల, మడ చెట్లలో ఒక రకం. పాలు చిమ్మి ఆయన కంట్లో పడ్డాయి. చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లన్నీ ఆ కంట్లోనే పోశాను, అయినా ఒడ్డుకి చేరేసరికి రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి, పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కంటి డాక్టర్ దగ్గర చాలా రోజులు తిరిగాకే చూపు నిలిచింది. మావాళ్లు తిల్లని పొయ్యిలో కూడా పెట్టరు, పొగకే కళ్లు మండుతాయి.

వాయవ్య ఆస్ట్రేలియాలో సేకరించిన ఇదే తిల్ల ఆకులు, కొమ్మల నుంచి హెచ్‌ఐవీని అడ్డుకునే ఫోర్బాల్ ఎస్టర్ అనే రసాయనాన్ని వేరుచేశామని అమెరికా శాస్త్రవేత్తలు 1995లో ప్రకటించారు. ఒంటికి తగిలితే మండించే పదార్థాల జాతే అది. దాన్ని వేరుచేసి, మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించాకే మందు అంటారు. అది ఇంకా మందుల షాపు దాకా రానేలేదు, కషాయాలు మాత్రం వచ్చేశాయి!

ఇంకో సంగతి. నైలాన్ రాకముందు నూలు వలలు కుళ్లకుండా మడ బెరడు కాచిన నీళ్లలో ముంచేవాళ్లు. ఆ పని చేసేది టానిన్ అనే వగరు పదార్థం. అది ఏ ప్రోటీన్ దొరికినా పట్టేసుకుంటుంది, అందుకే ల్యాబ్ పళ్లెంలో బ్యాక్టీరియా చస్తుంది, కడుపులోకి వెళ్తే మీరు తిన్న అన్నం పప్పులోని ప్రోటీన్‌కే అతుక్కుంటుంది, రక్తంలోకి పెద్దగా చేరదు. మన కాలేజీ ప్రాజెక్టుల మీద నా కోపం ఇక్కడే. ఏటా ఎవరో ఒకరు ఆకు రసం తీసి, పళ్లెంలో పోసి, బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో కొలిచి ‘ఔషధ గుణాలున్నాయి’ అని రాసేస్తారు. టానిన్ తీసేశాక కూడా పనిచేస్తుందా అని చూసేవాళ్లు ఎంతమంది?

ఈలోగా రొయ్యల చెరువులకీ ఇళ్ల స్థలాలకీ మడని కొట్టేస్తూనే ఉన్నారు. అసలు వెతకాల్సిన మందులు ఆ చెట్లలోనే ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను, ఉప్పులో, బురదలో, మండే ఎండలో బతకడానికి అవి తయారుచేసుకునే రసాయనాల్లో కొన్ని మెట్ట మొక్కల్లో దొరకవు. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది వాటిని ఒక్కొక్కటిగా వేరుచేసే ల్యాబుల మీద.