చెరోకీ ఊరికి వెళ్తే ఏం చూడాలి, ఎలా మెలగాలి?

స్మోకీ మౌంటెన్స్‌కి వెళ్తూ నార్త్ కరోలినాలో చెరోకీలనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లుండే చెరోకీ ఊళ్లో ఒకరోజు ఆగుతాం, అక్కడి సంప్రదాయాలు బయటివాళ్లని చూడనిస్తారా అని అడిగారు. చాలావరకు చూడనిస్తారు, అన్నీ కాదు.

ముందు ఓకొనలుఫ్టీ ఇండియన్ విలేజ్‌కి వెళ్లండి, 1760ల నాటి జీవితాన్ని చెరోకీలే దగ్గరుండి చూపిస్తారు. బుట్టలు అల్లేచోట తప్పకుండా ఆగండి. ఏటి ఒడ్డున పెరిగే వెదురుని సన్నగా చీల్చి, నల్ల అక్రోటు వేళ్లతో ముదురు రంగు, బ్లడ్‌రూట్ అనే మొక్క వేళ్లతో నారింజ రంగు పట్టించి, లోపలొకటి బయటొకటి రెండు పొరలు వచ్చేలా అల్లుతారు. అల్లేవాళ్ల చేతివేళ్ల వేగం చూస్తే కదలబుద్ధి కాదు. కొనాలంటే 1946లో కళాకారులే పెట్టుకున్న క్వాల్లా సహకార సంఘంలో కొనండి, దయచేసి బేరమాడకండి.

వీధి బోర్డుల మీద కనిపించేది సెక్వోయా అనే చెరోకీ 1821కల్లా తమ భాషకి తయారుచేసిన లిపి. మన 'క', 'కి' లాగే ఒక్కో గుర్తు ఒక్కో అక్షరం, కాకపోతే గుణింతం ఉండదు, దేని ఆకారం దానిదే.

అక్టోబర్‌లో వెళ్తే చెరోకీ ఇండియన్ ఫెయిర్ ఉంటుంది, అందులో కర్రలతో బంతి ఆడే స్టిక్‌బాల్ ఆట చూడాల్సిందే. డల్లాస్ వైపు ఉండేవాళ్లకి చెరోకీ నేషన్ రాజధాని, ఓక్లహోమాలోని తాలెక్వా దగ్గర. చెరోకీ నేషన్ 1839 నాటి రాజ్యాంగానికి గుర్తుగా లేబర్ డే సెలవుల్లో అక్కడ పెద్ద ఉత్సవం జరుపుతారు.

ఫొటోకి ముందు అడగండి. వాళ్ల దుస్తుల్ని వేషం అనకండి. నిప్పు చుట్టూ ఆడే స్టాంప్ డ్యాన్స్ వాళ్లకి పూజతో సమానం, పిలిస్తే తప్ప ఆ చోటికి వెళ్లకూడదు.