కొలత బాల్కనీ అంచు నుంచి, గోడ నుంచి కాదు

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో మాకు 25 అంకణాల (200 గజాల) స్థలం ఉంది. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన డబ్బుకు బ్యాంకు రుణం కలిపి, పిల్లల ముచ్చట కొద్దీ ఆధునికంగా జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాను. ముందంతా అద్దాలు, కింద స్తంభాలు లేని పెద్ద బాల్కనీ, మేడ మీద ఒక గది. మునగచెట్టు కొమ్మల దగ్గర మొదలైన తగాదాను మనసులో పెట్టుకుని పక్కింటాయన నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేశాడు. ఆయన కూడా ఒక పక్క ఖాళీ వదల్లేదు! 20 రోజుల క్రితం గేటుకు నోటీసు అంటించి, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇంజినీరు ‘నేను చూసుకుంటాను, మీరేమీ రాయొద్దు’ అన్నారు. నోటీసు ఊసెత్తకుండా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) తెచ్చుకోమని తెలిసినవారొకరు చెబుతున్నారు. ఈ వయసులో నాకెందుకీ అవస్థ?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో మునగచెట్టుకు పేజీన్నర, బాల్కనీకి ఒక్క వాక్యం కేటాయించారు. కేసు తేలేది ఆ ఒక్క వాక్యం దగ్గర. ఫిర్యాదు పగతో చేశారా, పౌరబాధ్యతతో చేశారా అని కమిషనరు అడగరు, కోర్టూ అడగదు. మంజూరైన ప్లాను పక్కన పెట్టుకుని టేపుతో కొలుస్తారు, అంతే.

మీరు జతచేసిన కాగితాలు చూశాను. ఆన్‌లైన్‌లో మంజూరైన ప్లానులో ముందువైపు ఒకటిన్నర మీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు ఖాళీ చూపారు. అందులో బాల్కనీ లేదు. మేస్త్రీ దగ్గరున్న డ్రాయింగు వేరు. గోడ గీత మీదే ఉన్నా, బాల్కనీ అక్కడి నుంచి 4 అడుగులు ముందుకు వచ్చింది. ‘కింద నేల ఖాళీగానే ఉంది కదా’ అంటారేమో. ఈ మాట ఇంజినీర్లు చెప్పగా చాలాసార్లు విన్నాను. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఇలాంటి తక్కువ ఎత్తు ఇళ్లకు బాల్కనీ పెట్టుకుంటే సెట్‌బ్యాకును, అంటే హద్దుకూ కట్టడానికీ మధ్య వదలాల్సిన ఖాళీని, బాల్కనీ అంచు నుంచే లెక్కిస్తారు. సన్‌షేడుకు మాత్రం 60 సెంటీమీటర్ల వరకు వెసులుబాటు ఉంది. అంటే చట్టం లెక్కలో మీ ఇంటి ముందు మిగిలింది ఒక్క అడుగు. అద్దాలతో పేచీ లేదు. మేడ మీద గది మంజూరులోనే లేదు కాబట్టి దాని గురించి వాదించడానికీ ఏమీ లేదు.

ఇక నోటీసు సంగతి. తెల్లకాగితం ఇచ్చి పరీక్ష హాలు నుంచి బయటికొచ్చిన పిల్లవాణ్ని మీరు ఏమనేవారు? మీరు చేసిందీ అదే. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 452వ సెక్షన్ కింద ముందు తాత్కాలిక ఉత్తర్వు, దానితో సంజాయిషీ నోటీసు వస్తాయి. సంతృప్తికరమైన జవాబు లేకపోతే ఆ ఉత్తర్వునే ఖరారు చేస్తారు. మీకు వచ్చింది తాత్కాలిక ఉత్తర్వే. ఖరారు ఉత్తర్వు ఇంకా రాలేదు కాబట్టి గడువు దాటినా జవాబు ఇవ్వండి. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించిన మాట నిజమే. కానీ అది పద్ధతికి సంబంధించిన రక్షణ. మీ బాల్కనీకి మంజూరు కాదు.

ఆ ఇంజంక్షన్ ఆలోచన మాత్రం ఇవాళే మానుకోండి. నోటీసు దాచి, అవతలి పక్షం మాట వినకముందే ఏకపక్షంగా ఉత్తర్వు తెచ్చుకుంటే, ఆ నోటీసు ఫోటోతో మీ పక్కింటాయనే కోర్టు మెట్లెక్కుతాడు. తెలిసి తప్పుదోవ పట్టించే ప్రమాణపత్రం వేసి తెచ్చుకున్న ఉత్తర్వును సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 4 కింద రద్దు చేస్తారు. ఆ తరువాత మీరు హైకోర్టులో రిట్ వేసినా, ‘నిజం దాచినవాడు’ అన్న ముద్రతోనే లోపల అడుగు పెడతారు. అసలు మొదటి నుంచీ రెండు డ్రాయింగులు నడిచాయని రికార్డుకెక్కితే, తప్పుడు వివరాలతో అనుమతి పొందారని 450వ సెక్షన్ కింద మొత్తం మంజూరునే రద్దు చేసే వీలుంది. నాలుగు అడుగుల స్లాబు కోసం ఇల్లంతా పణంగా పెడతారా?

పక్కింటాయన తప్పు మీకు హక్కు కాదు. కావాలంటే విడిగా ఫిర్యాదు చేయండి, కానీ మీ జవాబులో ఆయన పేరు ఎత్తవద్దు. ‘కొన్నేళ్లు గడిస్తే ఎవరూ అడగరు’ అనే మాటా నమ్మకండి. కాలం గడిచిందనో, డబ్బు పెట్టామనో అక్రమ నిర్మాణం సక్రమం కాదని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నివాసయోగ్యతా పత్రం చూపితేనే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని కూడా చెప్పింది.

పని ఆపించి, ఈ గొడవతో సంబంధం లేని మరో ఇంజినీరుతో ముందు స్థలాన్ని, తరువాత ఇంటిని కొలిపించండి. మన అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. మీ దస్తావేజులోని 25 అంకణాలు 200 గజాలు, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. ప్లానులో ఆ అంకె సరిపోయిందా, నేల మీద అంత ఉందా చూసుకోండి. హద్దు మారితే సెట్‌బ్యాకు లెక్కంతా మారిపోతుంది. నగరపాలక సంస్థ తనిఖీ నివేదిక నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబులో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, బాల్కనీని సన్‌షేడు పరిమితికి కోయిస్తానని, మేడ మీద గది తీయిస్తానని రాసి, అందుకు గడువు కోరండి. నిబంధనలకు లోబడిన మిగతా మార్పులకు సవరణ ప్లాను పెట్టండి. ఆ జవాబు కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఇంజినీరు చేతికి మాత్రం ఇవ్వకండి. స్లాబు కోసే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వక సలహా ఉండాలి.

ఇంజినీరు మీద నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లే గడువు. మీరు నోటీసు తేదీ నుంచి అంటారు, ఆయన స్లాబు పోసిన నాటి నుంచి అంటాడు, కాబట్టి ఆ రెండింటిలో ముందొచ్చిన తేదీనే లెక్కపెట్టుకోండి. ఒప్పందపత్రం లేదన్నారు, అది మీ అజాగ్రత్త. ఫోన్ చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు ఉన్నాయి కదా! వాటిని చెరిపేయకండి, ఆ ఫోను మార్చకండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రంతో అవి సాక్ష్యమవుతాయి. కాకపోతే ఆ సందేశాల్లో ‘బాల్కనీ ఇంకొంచెం ముందుకు తీసుకురండి’ అని అడిగింది మీరే అయితే, ఆ కేసు వేసే ముందు సందేశాలన్నీ మీ వకీలుకు చూపించండి.