జేజి పరుపు

అమ్మాయ్,

చంద్రగిరిలో జేజి ఇల్లు తెరిపించి పిల్లతో అక్కడే ఉంటావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. ముందు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, ఆ వెంటనే గుండె దడ పట్టుకుంది. రెండు వానాకాలాలు మూసిపెట్టిన ఇల్లది. నీకా, చిన్నప్పట్నుంచీ పిల్లికూతలు.

మిద్దె కారే చోటు ముందు బాగుచేయించు. చెమ్మ ఉన్నన్నాళ్లూ బూజు వస్తానే ఉంటుంది. స్టీలు, గాజు సామాన్లు సబ్బునీళ్లతో తోమి ఎండలో బోర్లించు. చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడువు. ఎన్95 మాస్కు తీయొద్దు. బ్లీచింగ్ నీళ్లలో బాత్రూం యాసిడ్ కలిపేవు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది, జాగ్రత్త.

ఇక పరుపులు. 2021 నవంబరు వానలకు మా ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చినాయి కదా. అన్నీ పారేసినాను గానీ, నా పెండ్లికి జేజి కుట్టించిన బూరుగుదూది పరుపును పారేయడానికి చేతులు రాలేదు. తడిసింది ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలైనట్టే. నేను వారం తర్వాత తిప్పి చూస్తే అడుగంతా నల్లగా, పచ్చగా మచ్చలు. మిద్దె మీద మూడు రోజులు ఎండబెట్టి, చచ్చిపోయిందిలే అనుకున్నా. మబ్బు పట్టేసరికి నడవలోకి లాక్కొచ్చి, తలుపులేసి, కట్టెతో బాదినాను. పొగ మాదిరి లేచింది. పక్క గదిలో మీ మామ పడుకోనున్నాడు. ఆ రాత్రంతా ఊపిరాడక కూర్చునే ఉన్నాడు. తెల్లారి ఆస్పత్రిలో చేర్చినాము. నాలుగు రోజులు ఆ మంచం పక్కన కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నా. ఎండకు బూజు చచ్చినా దాని పొడి, అది విడిచిన విషం దూదిలోనే ఉంటాయి. బాదితే నేరుగా ముక్కులోకే.

చెనక్కాయలు పండించిన ఇంటి ఆడబిడ్డను, నాకిది తెలియకపోవడమేంది! 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు బూజు పట్టిన చెనక్కాయ చెక్క తిని చచ్చినాయని, వేయించినా అఫ్లటాక్సిన్ అనే ఆ బూజు విషం పూర్తిగా పోదని మా నాయన చెప్తానే ఉండేవాడు. అటక మీద పాత కాయల మూట కనిపిస్తే కోళ్లకు కూడా వేయొద్దు.

ఆ ఇంట్లో ఉన్న జేజి పరుపు దాచుకుంటావని నాకు తెలుసు. నీ మొండితనం నాకు తెలియదా? తొమ్మిదేండ్లదాకా ఆమె పక్కనే దాని మీద పడుకున్నావు. అయినా వద్దు. నువ్వు ముట్టుకోవద్దు, ఆదివారం నేనొచ్చి పాలిథీన్ పట్టలో చుట్టి బయట పడేయిస్తా. పూల కుట్టు వేసిన గలేబు మాత్రం విప్పి, వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి నీకిస్తా.

పిల్లను ఆ రోజు మా ఇంట్లో వదిలిపెట్టు. మీ మామ చూసుకుంటాడు. ఆయన ఎట్లాగూ ఆ ఇంటికి రాకూడదు.

మీ అత్త
తిరుపతి