ఇన్‌ఫీల్డర్ల గ్లవ్ ఎందుకంత చిన్నది?

ప్రశ్న: కిందటి వేసవిలో డల్లాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు బేస్‌బాల్ చూడడం అలవాటైంది. సెకండ్ బేస్ దగ్గర నిలబడే ఆటగాడి గ్లవ్, దూరంగా బౌండరీ వైపు ఉండేవారి గ్లవ్ కంటే చిన్నదిగా కనిపించింది. పెద్దదైతే బంతి సులువుగా చిక్కుతుంది కదా! మరి వృత్తి ఆటగాళ్లు చిన్నదాన్నే ఎందుకు ఎంచుకుంటారు?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: క్రికెట్‌లో గ్లవ్స్ తొడుక్కునే ఫీల్డరు వికెట్ కీపరు ఒక్కడే కాబట్టి, బంతి జారకుండా పట్టడమే గ్లవ్ పని అని మనకు అనిపించడం సహజం. బేస్‌బాల్ ఇన్‌ఫీల్డరుకు, అంటే బేస్‌ల దగ్గర కాచుకునే ఆటగాడికి మాత్రం బంతిని పట్టడంతో సగం పనే అవుతుంది. బ్యాటరు 90 అడుగుల దూరంలోని ఫస్ట్ బేస్‌కు సుమారు నాలుగున్నర సెకన్లలో చేరుకుంటాడు. ఆలోగా నేల మీద దూసుకొచ్చిన బంతిని అందుకుని, రెండో చేతిలోకి మార్చుకుని, ఫస్ట్ బేస్‌కు విసరాలి. బంతి ముందుగా చేరితేనే బ్యాటరు అవుట్. గ్లవ్ లోతుగా ఉంటే బంతి అడుగున కూరుకుపోతుంది, వేళ్లు దానికోసం వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే బ్యాటరు బేస్ చేరిపోతాడు.

డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడం) సమయంలో సెకండ్ బేస్ ఆటగాడి చేతులను దగ్గరగా గమనించండి. ఒక్కోసారి అతడు గ్లవ్‌ను మూయనే మూయడు. బంతి వేళ్ల మొదళ్ల దగ్గర తోలుకు తగిలీ తగలగానే, పక్కనే సిద్ధంగా ఉన్న కుడిచేతిలోకి వచ్చి పడుతుంది. నాకు ఈ ఆటలో ఇంతకన్నా అందమైన దృశ్యం లేదు.

అందుకే సెకండ్ బేస్‌లో సాధారణంగా 11.25 నుంచి 11.5 అంగుళాల గ్లవ్, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌కు 11.5 లేదా 11.75 అంగుళాలది వాడతారు. థర్డ్ బేస్ దగ్గరికి కుడిచేతి బ్యాటర్లు బలంగా కొట్టిన బంతులు ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా వస్తాయి, పక్కకు దూకి ఆపవలసి వస్తుంది. కాబట్టి అక్కడ 11.75 నుంచి 12 అంగుళాలది నప్పుతుంది. నిబంధనల ప్రకారం ఫీల్డరు గ్లవ్ 13 అంగుళాల వరకూ ఉండవచ్చు. అంటే చిన్నదాన్ని తీసుకోవాలని ఎవరూ బలవంతపెట్టడం లేదు, ఆటగాళ్లే కోరి తీసుకుంటున్నారు. ఫస్ట్ బేస్ సంగతి వేరు. అక్కడ ప్రధానంగా తోటివారు విసిరిన బంతులను అందుకోవాలి కనుక, వేళ్లు విడివిడిగా లేని పెద్ద మిట్ వాడతారు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే వెబ్‌ను కూడా చూసి ఎంచుకుంటారు. ఇన్‌ఫీల్డర్లలో చాలామంది సందులున్న వెబ్‌నే ఇష్టపడతారు. బంతితో పాటు వచ్చిన మట్టి అందులోంచి రాలిపోతుంది, బరువూ తగ్గుతుంది.

ఇక చేతికి అమరడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు తరఫున సెకండ్ బేస్‌లో ఆడి, మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారాలు నాలుగు గెలిచిన డస్టిన్ పెడ్రోయా పొడగరి కాడు. విల్సన్ సంస్థ అతడి పేరిట చేసిన డీపీ15 గ్లవ్ 11.5 అంగుళాలదే అయినా, చెయ్యి దూర్చే చోటు మామూలు వాటికన్నా ఇరుకు. చెయ్యి లోపల కదిలితే గ్లవ్ ఆలస్యంగా తిరుగుతుంది.

కొత్త గ్లవ్ తోలు బిరుసుగా ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా మ్యాచ్‌లోకి తీసుకురారు, సాధనలో వాడుతూ మెత్తబరుస్తారు. సాధనకే ప్రత్యేకించి, అరచేతికన్నా కాస్త పెద్దదిగా ఉండే చదునైన గ్లవ్ కూడా ఉంది. అందులో బంతి ఒంటిచేత్తో నిలవదు. రెండో చెయ్యి ప్రతిసారీ వచ్చి తీరాలి.